కొండప్ప, గంగమ్మ, ఎల్లక్క: మారండహళ్ళి ప్రాంతపు పేర్లలో ప్రకృతి

ధర్మపురి జిల్లా పాలక్కోడు తాలూకాలోని మారండహళ్ళి తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినిపించే ఊరు. ధర్మపురి నుంచి హొసూరు మీదుగా బెంగళూరు వెళ్ళే రైలుదారిలో పాలక్కోడుకూ రాయకోటకూ నడుమ వస్తుంది. 1965 దాకా ఈ ప్రాంతం సేలం జిల్లాలో ఉండేది. ఆ ఏడు అక్టోబరు 2న ధర్మపురి జిల్లా ఏర్పడింది. 2004లో హొసూరు, కృష్ణగిరి తాలూకాలు కొత్త జిల్లాగా విడిపోగా, మారండహళ్ళి ధర్మపురిలోనే ఉండిపోయింది.

ఊరిపేరు చివరనున్న 'హళ్ళి' కన్నడ మాట. ఆ పొరుగునే చిన్నారుమీద ఆనకట్ట ఉన్న ఊరు పంచపల్లి. దాని చివర 'పల్లి' ఉంది. ప్రాచీన కన్నడంలో పదాదిన ఉన్న పకారం తరువాతి కాలంలో హకారమయిందన్న సంగతి విద్యార్థులకు తెలిసిందే. పాలు 'హాలు' అయినట్టే పల్లి 'హళ్ళి' అయింది. ఒకే మాట రెండు దశల్లో రెండు ఇరుగుపొరుగు ఊళ్ళ పేర్లలో నిలిచి ఉందన్నమాట. ఆ చిన్నారు వెళ్ళి కావేరిలో కలిసే హొగెనకల్ కూడా ఇలాంటిదే. 'హొగె' మన పొగ, 'కల్' మన కల్లు, అంటే రాయి. నీటితుంపర పొగలా లేచే రాతిచోటు కనుక ఆ పేరు. 'చిన్నారు' లోని 'ఆఱు' తమిళం. తెలుగువాడి చెవికి అది 'చిన్న ఏరు'గానే వినబడుతుంది, అందులో తప్పూ లేదు. ఆఱు, ఏరు ఒక కుదురు మాటలే.

ఊరిపేర్ల మీద మనకు మంచి పని జరిగింది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్లను, యార్లగడ్డ బాలగంగాధరరావు నెల్లూరు జిల్లా ఊళ్ళ పేర్లను, ఆపైన ఇంటిపేర్లను శాస్త్రీయంగా పరిశీలించారు. మనుషుల పేర్ల మీద, అందులోనూ రాష్ట్రేతర తెలుగువారి పేర్ల మీద అంత దృష్టి పడలేదు. ఈ వ్యాసంలో ఒక్క తరగతి పేర్లనే తీసుకుంటున్నాను: కొండ, నీరు, రాయి, చెట్టు, పువ్వు, పొలిమేర వంటి ప్రకృతి వాచకాల నుంచి వచ్చినవి. మారండహళ్ళి వైపును ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒక పేరు తన భాషలో అందరికీ అర్థమవుతూ ఉన్నంతకాలం దాని అర్థం గురించి ఎవరూ ఆలోచించరు. చుట్టూ మరో భాష కమ్ముకున్నప్పుడే ఏ పేరు అర్థంతో నిలిచింది, ఏది ఉత్త శబ్దంగా మిగిలింది అన్నది బయటపడుతుంది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ప్రకృతి పేర్లంటే ఇవాళ మనకు తోచేది సౌందర్యం. వెన్నెల, వర్ష, మేఘన, హిమబిందు అని పిల్లలకు పెట్టుకునేటప్పుడు ఆ వస్తువుల అందమే మన మనసులో ఉంటుంది. కొండప్ప, గంగమ్మ అని పెట్టిన పాతవాళ్ళ మనసులో ఉన్నది అది కాదు. కొండకొక దేవుడున్నాడు, నీటికొక తల్లి ఉంది, పొలిమేరకొక కావలి ఉంది. బిడ్డ ఆ దేవుడి చలవ. అందుకే ఆ పేర్లు 'కొండ', 'గంగ' అని ఊరక ఉండవు. అప్ప, అక్క, అమ్మ, అయ్య అన్న చుట్టరికపు మాట తోడుంటుంది. కోస్తాలో ఈ స్థానంలో 'అయ్య' ఎక్కువ: కొండయ్య, గంగయ్య. రాయలసీమ నుంచి కోలారు, హొసూరు, మారండహళ్ళి దాకా 'అప్ప', 'అక్క' ఎక్కువ: కొండప్ప, గంగప్ప, ఎల్లక్క, రామక్క. ఈ ప్రత్యయాల విషయంలో ఇక్కడి తెలుగుకూ కన్నడానికీ గీత గీయడం కష్టం. గంగప్ప అన్న పేరు విని, ఆ మనిషి ఇంట్లో మాట్లాడేది ఏ భాషో చెప్పలేం.

కొండ పేర్లలో అన్నిటికన్నా విస్తృతమైనది కొండపేరని ఎవరికీ తోచనిది: వెంకటప్ప. వేంకటం అన్నది మొదట ఒక కొండకు పేరు. తమిళుల తొల్కాప్పియానికి ఉన్న పీఠికాపద్యం తమిళదేశానికి ఉత్తరపు హద్దుగా వేంకటాన్నే చెబుతుంది. ఆ కొండకు ఈశ్వరుడు గనక వేంకటేశ్వరుడు. ఈశ్వరుణ్ణి తీసేసి వెంకటప్ప, వెంకటమ్మ, వెంకన్న అని పిలిచినప్పుడు మిగిలేది కొండే. తిరుమలప్ప అన్న పేరులోని 'మల' తమిళ 'మలై'. అంటే అదీ కొండే. ఇక ఏడుకొండలు అన్న పేరుంది. ఒక మనిషిని ఏకంగా ఏడు కొండలుగా, అదీ బహువచనంలో పిలుచుకోవడం మన తెలుగువాళ్ళకే చెల్లింది. శేషాచలం, సింహాచలం, అరుణాచలం, భద్రాచలం మనుషుల పేర్లుగా మనకు ఎంత అలవాటయ్యాయంటే, 'అచలం' అంటే కదలనిది అన్న అర్థం గుర్తు చేస్తే నవ్వొస్తుంది. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళకు అప్పలకొండ అన్న పేరుంది. సింహాద్రి అప్పన్న కొండ అది. మారండహళ్ళి వాళ్ళకు తిరుమల ఎంత మొక్కుబడో తిరువణ్ణామలై కూడా అంతే గనక, తెలుగు ఇళ్ళలోనూ అన్నామలై వినిపిస్తుంది. అరుణాచలానికి తమిళపు పేరది.

ఇప్పుడు కొండప్ప సంగతి చూద్దాం. కొండకు కన్నడంలో వాడుకమాట బెట్ట. బెట్టప్ప, బెట్టయ్య అన్న పేర్లు ఆ భాషలో ఉన్నాయి. తమిళంలో మలై. మలైయప్పన్ తమిళుల పేరు. తిరుమలలో ఊరేగే ఉత్సవమూర్తి మలయప్పస్వామి కూడా ఈ మాటతోనే ఏర్పడ్డాడు. కొండప్ప, బెట్టప్ప, మలైయప్పన్: మూడు భాషలూ ఒకే కొండకు, ఒకే తండ్రికి మూడు పేర్లు పెట్టుకున్నాయి. భావం ఒకటే అయినా ఒకదాన్నొకటి అనువదించుకోవడం జరగలేదు. మనిషి పేరును ఎవరూ అనువదించరు గనక కొండప్ప తమిళ బడిలో చేరినా కొండప్పే. చివర 'న్' చేరి కొండప్పన్ అవుతాడు, అంతే. అయితే ఆ మాటలో తమిళుడికి కొండ కనబడదు. తమిళంలో 'కొండ' అంటే 'తెచ్చుకున్న, కైకొన్న' అన్న క్రియాజన్య విశేషణం. గంగైకొండ చోళపురం పేరు చూడండి. మొదటి రాజేంద్రచోళుడు 11వ శతాబ్దంలో కట్టిన రాజధాని అది. గంగాజలాన్ని తెచ్చుకున్న చోళుడి పురమని దాని భావం. మనవాళ్ళు ఆ పేరులో కొండను వింటారు. అక్కడ కొండ లేదు. అటు వాళ్ళు కొండప్పలో కొండను వినరు. ఇక్కడ కొండ ఉంది. తమిళంలో ఈ మాటకు తోబుట్టువు లేదా అంటే ఉంది. కున్ఱు, మలయాళంలో కున్ను. కానీ రూపం అంత దూరం జరిగాక చెవి పోల్చుకోదు.

ఎల్లమ్మ, ఎల్లప్ప, ఎల్లక్క పేర్లకు ఇలాంటి ఇబ్బంది రాలేదు. ఎల్ల అంటే హద్దు, పొలిమేర. తమిళంలో ఎల్లై, కన్నడంలో ఎల్లె. మూడు భాషల్లోనూ మాట బతికే ఉంది. ఊరి ఎల్లలో నిలిచి కాపాడే తల్లి ఎల్లమ్మ అని ఏ భాషవాడికైనా చెప్పకుండానే తెలుస్తుంది. 'ఎల్లరికీ అమ్మ' అని అర్థం చెప్పేవారూ ఉన్నారు. భక్తుల వరకు ఆ అర్థాన్ని కాదనవలసిన పని లేదు గాని, గ్రామదేవతల్లో పోలేరమ్మ వంటి పొలిమేర తల్లులు ఎందరో ఉండగా ఎల్లనే ముందు పెట్టుకోవడం సబబు. మునెప్ప, మునెమ్మ పేర్లనూ ఈ పక్కనే చెప్పాలి. ముని అన్న సంస్కృతపదం చూసి ఋషులను తలచుకోవడం కన్నా, ఊరి బయట చెట్టుకింద రాయిగా నిలిచే మునీశ్వరుణ్ణి తలచుకోవడం మేలు. హొసూరు, కోలారు, మారండహళ్ళి వైపు ఏ వీధిలో కేకేసినా ఒక మునెప్ప పలుకుతాడనిపిస్తుంది.

నీటి పేర్లలో గంగ మొదటిది. ఇది కాశీలో పారే గంగ ఒక్కటే కాదు. బావి తవ్వితే 'గంగ పడింది' అంటాం. పల్లెకారులకు సముద్రమే గంగమ్మ. కొండగుండ్ల నడుమ, వాననే నమ్ముకుని రాగులు పండించుకున్న నేల మీద నీరు ఎక్కడ ఊరితే అక్కడ గంగ ఉంది. ఈ తల్లికి తిరుపతిలో జాతర ఉంది, కుప్పంలో జాతర ఉంది. వేలూరు జిల్లా గుడియాత్తంలో ఏటా జరిగే గంగమ్మ సిరసు ఉత్సవం తమిళనాట పేరుపొందినది. అంచేత గంగమ్మ, గంగప్ప తమిళంలో కంగమ్మాళ్, కంగప్పన్ అని రాయబడ్డా దేవత మాత్రం పోలేదు. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం గనక కొత్తవాడు 'కంగప్పా' అని పిలవవచ్చు. పిలిపించుకున్నవాడు నవ్వి ఊరుకుంటాడు.

నదుల పేర్లు ఇందుకు భిన్నం. గోదావరి, కృష్ణవేణి, కావేరి, తుంగ, పినాకిని వంటివి నిఘంటువులో అర్థం వెతకవలసినవి కావు. ఆ నది ఒడ్డున ఉన్నవాళ్ళకు అవే అర్థం. అనంతపురం జిల్లాలో పెన్నోబులేసు అన్న పేరుంది. పెన్న ఒడ్డున వెలసిన అహోబిలేశుడు పెన్నహోబిలేశుడు, వాడుకలో పెన్నోబులేసు. నది, గుహ, దేవుడు ముగ్గురూ ఒక్క పిల్లవాడి పేరులో ఒదిగిపోయారు. ఇటు హొసూరు, కృష్ణగిరి మీదుగా పోయేది దక్షిణ పినాకిని, తమిళుల తెన్పెణ్ణై. మారండహళ్ళి నీళ్ళు చిన్నారు ద్వారా కావేరికి చేరతాయి గనక కావేరమ్మ ఇక్కడి పేరే.

ఒకే పేరు మూడు భాషల్లో మూడు దారులు పట్టడానికి మంచి ఉదాహరణ మారప్ప, మారమ్మ. ప్రాచీన తమిళంలో 'మారి' అంటే వాన. మారియమ్మన్‌ను వానతల్లిగా కొలిచే తమిళుడికి ఆ పేరు చల్లనిది. తెలుగు, కన్నడాల్లో మారి అంటే ముందుగా గుర్తొచ్చేది ఊళ్ళను ఊడ్చేసే జబ్బు, ఆ జబ్బును తెచ్చీ తీసేసీ తల్లి. ఒక తరం మశూచి చూసింది, వానను చూసింది, రెండింటికీ ఒక తల్లినే మొక్కింది. ఏ అర్థం సరైనదని వాదించడంలో ప్రయోజనం లేదు. మారప్ప అన్న పేరు పెట్టినవారు ఏ భాషలో మొక్కుకున్నారన్నదే అడగవలసిన ప్రశ్న. 'కుప్ప' కూడా ఇలాంటిదే. తెలుగు రైతుకు కుప్ప అంటే కళ్ళంలో వేసిన పంట. తమిళ 'కుప్పై' అంటే చెత్త. బిడ్డలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డను చెత్తమీదనో విస్తరాకుల మీదనో దొర్లించి, దిష్టి తగలకుండా పెట్టిన పేర్లు పెంటయ్య, పుల్లయ్య, కుప్పయ్య, కుప్పమ్మ. ఉత్తరాంధ్రలో తవుడుకు అమ్మి కొన్నట్టు నటించి తవిటయ్య, తవిటమ్మ అన్నారు. ఇవీ నేల నుంచి వచ్చిన పేర్లే. వీటిని నేటివాళ్ళు మొరటు పేర్లని దాచుకోవడం చూస్తుంటాం. వాటి వెనుక ఉన్నది బిడ్డ బతకాలన్న ఆరాటం.

రాయి నుంచి వచ్చిన గుండప్ప, గుండమ్మ గురించి రెండు మాటలు. ఒకప్పుడు బారామహల్ అనిపించుకుని, 1792లో టిప్పు సుల్తాను నుంచి ఇంగ్లీషువారి చేతికి వచ్చిన ఈ నేలంతా గుండ్లే. కృష్ణగిరి కోట, రాయకోట కోట అలాంటి గుట్టల మీదే వెలిశాయి. గుండు అంటే గుండ్రటి బండరాయి; బొద్దుగా పుట్టిన బిడ్డకూ ఆ మాటే. కోలారు జిల్లా ముళబాగిలులో 1887లో పుట్టిన కన్నడ రచయిత డి.వి. గుండప్ప వల్ల ఒక భాషకు, 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' సినిమా వల్ల మరో భాషకు ఈ పేరు చిరపరిచితమైంది. సినిమా చూసినవారు గుండమ్మ అనగానే గయ్యాళితనాన్నే తలచుకుంటారు గాని బండను తలచుకోరు.

ఇక చెట్ల సంగతి. పేర్లను వరసగా పెట్టుకుని చూస్తే ఒక విశేషం కనబడుతుంది. తెలుగువారి పేర్లలో కొండలు, నీళ్ళు మనిషిపేరులో ఉంటాయి. చెట్లు ఇంటిపేరులో ఉంటాయి. చింతా, తుమ్మల, రావి, మర్రి, వేప, మామిడి, తాటి: ఇవన్నీ ఇంటిపేర్లే. చింతప్ప, తుమ్మప్ప అని బిడ్డను పిలవడం అరుదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంటిపేరు ఆ ఇంటివాళ్ళు ఎక్కడివారో చెబుతుంది. ఎక్కడ అన్నదానికి గుర్తు చెట్టు, లేదా చెట్టుపేరుతో ఉన్న ఊరు. మనిషిపేరు ఎవరి చలవతో పుట్టాడో చెబుతుంది. దేవుడయిన చెట్టుకే అందులో చోటు. తులసమ్మ ఒకటి, అశ్వత్థప్ప ఒకటి. కోలారు, హొసూరు ప్రాంతాల్లో అశ్వత్థప్ప, అశ్వత్థమ్మ, అశ్వత్థనారాయణ విరివిగా వినబడే పేర్లు. అశ్వత్థమంటే రావిచెట్టు. రావి, వేప కలిసి పెరిగిన కట్టమీద నాగప్రతిష్ఠ చేసి, సంతానం కోసం చుట్టూ తిరిగే ఆచారం ఈ నేలమీద బలంగా ఉంది. ఆ మొక్కు ఫలిస్తే పుట్టినవాడు అశ్వత్థప్ప, కాకపోతే నాగప్ప. చెట్టును రోజూ రావిచెట్టనే పిలిచినా, బిడ్డకు పెట్టేటప్పుడు మాత్రం సంస్కృతంలోకి మారారు. రావి అంటే కట్టమీది చెట్టు, అశ్వత్థమంటే దేవుడు అన్న తేడా కాబోలు.

ఈ విభజన వల్ల తమిళనాటి తెలుగువారికి ఒక నష్టం జరిగింది. మన ఆంధ్ర, తెలంగాణల్లో పేరు ముందున్న పొడి అక్షరం ఇంటిపేరుది. తమిళనాట అది తండ్రిపేరుది. పెళ్ళయ్యాక ఆడవాళ్ళకు భర్తపేరుది. బడి రిజిస్టరులో, రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో ఇంటిపేరుకు చోటే లేదు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు వరస కలుస్తుందో లేదో చూసుకోవడానికి పెద్దలు దాన్ని గుర్తు పెట్టుకుంటారు. మిగతా రోజుల్లో దానితో పని ఉండదు. ఆ విధంగా కాగితాల మీద నుంచి ముందుగా చెట్లు పోయాయి. తరువాతి వంతు కొండలది. తండ్రి కొండప్ప అయితే కొడుకు 'కె. మునిరాజు'. విజయవాడ నుంచి వచ్చిన చుట్టం ఆ 'కె' చూసి కొల్లా వారా, కోనేరు వారా అని అడుగుతాడు. మునిరాజు కొడుక్కి 'ఎం.' వస్తుంది. రెండు తరాల్లో ఒక కొండ ఒక అక్షరమై, ఆ అక్షరమూ చెరిగిపోతుంది. ఇంటిపేరున్న చోట ఈ నష్టం తెలియదు. తాత పేరు పోయినా 'చింతా' మిగులుతుంది.

పూల పేర్ల తీరు వేరు. ఇక్కడ భక్తి, అందం కలిసిపోయి ఉంటాయి. మల్లమ్మలో మల్లెపువ్వును వినేవారున్నారు, శ్రీశైల మల్లన్నను తలచేవారున్నారు. 'మొల్ల రామాయణం' కవయిత్రి ఆతుకూరి మొల్ల పేరు తెలుగు పువ్వుపేరే, మల్లెజాతిలో ఒకటి. ఇంత అచ్చమైన పూలపేరు మన సాహిత్యచరిత్రలో ఉండగా, కుసుమ, పుష్పలత, సుమ అని వెతుక్కున్నాం. హొసూరు గులాబీలు విదేశాలకు వెళ్తున్నాయి; కానీ చేమంతి, సంపంగి, గులాబి బిడ్డల పేర్లుగా ఎక్కువ వినబడవు.

ఈ విషయంలో తమిళులను చూడవలసి ఉంది. వేదాచలం అన్న పండితుడు 1916 ప్రాంతంలో తన సంస్కృతనామాన్ని విడిచి మఱైమలై అడిగళ్ అయ్యారు. వేదం మఱై అయింది, అచలం మలై అయింది. కొండ మాత్రం అలాగే ఉంది. ఆ తనిత్తమిళ ఉద్యమం, తరువాతి ద్రావిడోద్యమం తమిళ ఇళ్ళలోకి మలర్, నిలా, ముల్లై, కయల్విళి వంటి ప్రకృతి పేర్లను తెచ్చాయి. కుఱింజి, ముల్లై మొదలైన పూలపేర్లతో నేలలను విభజించిన సంగ సాహిత్యం వెనుక ఉండడం వాళ్ళకు కలిసివచ్చింది. మనకు గిడుగు వారి ఉద్యమం వచనాన్ని మార్చింది గాని పేర్లను ముట్టుకోలేదు. పర్యవసానంగా కొండప్ప మనవడు గిరిధర్ అవుతున్నాడు, గంగమ్మ మనవరాలు సింధు అవుతోంది. సింధు అంటే నది, గిరి అంటే కొండ. అర్థం అలాగే ఉందని సంతోషించవచ్చు. గిరి తమిళుడికీ తెలుసు, కన్నడిగుడికీ తెలుసు. కృష్ణగిరి పక్కనే ఉండగా తెలియకపోతే ఎలా? మూడు భాషల కూడలిలో సంస్కృతనామం అందరికీ అర్థమయ్యే నాణెంగా చెల్లింది. దేశి పేరు తన భాషవాళ్ళ నోటనే బతకాలి. గిరిధర్ తప్పని నేననను. కాని గిరిధర్ కొండనెత్తిన కృష్ణుడు. కొండప్ప తన ఊరి కొండకు బిడ్డ. రెంటికీ అర్థం ఒకటేనని పేర్ల పుస్తకం చెబితే నమ్మకూడదు.

తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2015-16 నాటికి అది పదో తరగతిని చేరింది. తెలుగు బడిలో చదవని పిల్లలు తమ పేరును తెలుగు లిపిలో చూసే అవకాశం తగ్గింది. తమిళ లిపిలో గుండప్పకూ కుండప్పకూ తేడా లేదు, బండకూ పండకూ తేడా లేదు. ఇంట్లో పిలిచే పలుకు ఒక్కటే ఆ తేడాను నిలుపుతోంది.

అందువల్ల మారండహళ్ళి, పంచపల్లి, రాయకోట వైపు పేర్లు సేకరించదలచిన విద్యార్థి ఓటర్ల జాబితాను మాత్రమే నమ్ముకోకూడదు. జాబితాలో కొండప్పన్, కంగమ్మాళ్, మునియప్పన్ దొరుకుతారు. ఇంటికి వెళ్ళి, ముసలివాళ్ళు ఎలా పిలుస్తారో విని, ఆ పలుకును తెలుగు లిపిలో రాసుకోవాలి. పేరు ముందున్న అక్షరం ఎవరిదో అడగాలి. ఇంటిపేరు అడగాలి; 'ఇప్పుడు అదెందుకులే సామీ' అన్నా మళ్ళీ అడగాలి. ఏ కొండకు, ఏ కట్టకు, ఏ చెట్టుకు మొక్కుకుంటే పుట్టారో అడిగితే, నిఘంటువులో లేని అర్థం అప్పుడు దొరుకుతుంది. ఆ కొండకు ఊరివాళ్ళు పిలుచుకునే పేరు కూడా పక్కనే రాసుకుంటే, ఊరిపేర్ల మీద పనిచేసేవారికి అది అక్కరకొస్తుంది.